మామిడికాయకు దారం

ఇంజనీరింగ్ పట్టా కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు లోకమంతా సరిదిద్దాల్సిన డ్రాయింగులాగే కనిపించేది. ఎల్బీనగర్‌లో ఉద్యోగం, కర్మన్‌ఘాట్‌లో మేడమీద కిరాయి గది. కింద ఇంటివాళ్లు, నల్గొండ వైపు నుంచి వచ్చిన ఆంటీ, అంకుల్. వాకిట్లో మామిడిచెట్టు. ఉగాదికి గల్లీలో అందరి పచ్చడిలోనూ ఆ చెట్టు కాయే పడాలన్నది ఆంటీ పట్టింపు. ఆ ఏడు జనవరిలో కొమ్మలు కరెంటు తీగల్ని తాకుతున్నాయని అంకుల్ విసిగిపోయి, "మొదలుకే కొట్టిస్త, పరేషాన్ పోతది" అన్నాడు. ఆంటీ ముఖం చిన్నబోయింది. "కొట్టక్కర్లేదండీ, పద్ధతిగా కత్తిరిస్తే చాలు. నాకొదిలేయండి" అన్నాను. (అంతవరకు నేను ఏ చెట్టూ ఎక్కలేదన్న సంగతి నిచ్చెన వేశాక గుర్తొచ్చింది.)

వారమంతా చదివి, ఆదివారం సుద్దముక్కతో కొమ్మలకు గుర్తులు పెట్టాను: ముందు ఎండినవి, తర్వాత ఒకదాన్నొకటి రాసుకునేవి, ఆపైన తీగల వైపు పోయేవి. బెరడు చీలకుండా ముందు కింద నుంచి కాస్త గాటు పెట్టి, అప్పుడు పైనుంచి కోశాను. గాయం మానేది అక్కణ్నుంచే కాబట్టి కొమ్మ మొదట్లోని ఉబ్బును తాకలేదు. అంతటితో ఆగితే బాగుండేది. చూడ్డానికి ఒద్దికగా ఉండాలని చివరలన్నీ ఒకే ఎత్తుకు కత్తిరించాను. పూత వచ్చేది ఆ చివరల్లోనేననీ, వచ్చే కాలం అదేననీ రాసిన పేజీ దాకా నేను చదవలేదు.

ఉగాది దగ్గరపడింది. చెట్టునిండా ఆకులే. "ఒక్క కాయ గూడ లేదు బిడ్డా. గల్లీల ఏం మొఖం పెట్టుకొని తిరగాలె?" అంది ఆంటీ. తిట్టినా బాగుండేది. పండగ ముందురోజు దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి సంచినిండా కాయలు తెచ్చాను. తెల్లవారకముందే నిచ్చెనెక్కి, కనిపించకుండా సన్నటి దారంతో కట్టాను.

పొద్దున్నే అంకుల్ తలెత్తి చూశాడు. "ఇంత లైన్ల కాసిన చెట్టు నేనెన్నడు జూడలె" అన్నాడు. (కాయకూ కాయకూ మధ్య ఎడం కొలిచి కట్టాను మరి.) ఆంటీ కాయలు కోసి పంచడం మొదలుపెట్టింది. పక్కింటి గుంటూరు పిన్నిగారు కాయను తిప్పి చూసి, "ఇదేంటి వదినా, మీ చెట్టు దారంతో సహా కాసిందా?" అంది. మెట్లమీదున్న నేను ఒక మెట్టు పైకి జరిగాను. ఆంటీ నావైపు ఒక్క చూపు చూసి, "ఈ యేడు కొత్త రకం వదినా. ఇంజనీరు కాయ" అంది. గల్లీ అంతా నవ్వింది. ఆంటీ అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఆ మరుసటి ఏడు కాయలన్నీ దిగాక, ఆంటీ కింద నిలబడి "ఇగ కొయ్యి" అంటేనే కత్తెర పట్టాను. చెట్టు తీగలకు దూరంగా, గుబురుగా నిలబడింది. ఇప్పుడు అమ్మా నేనూ మీర్‌పేట్‌లో ఉంటున్నాం. ప్రతి ఉగాదికీ ఆంటీ దగ్గర్నుంచి కాయలొస్తాయి. వాటిలో ఒకదాని కాడకు తెల్లదారం కట్టి ఉంటుంది. పచ్చడికి ఆలస్యమవుతోందని అమ్మ కేకేసేదాకా దాన్ని విప్పబుద్ధి కాదు.