అత్తమ్మ పాటకు పలకని డబ్బాలు

మా ఇంట్లో ఏ యంత్రం మొరాయించినా ముందు ఒక దెబ్బ పడుతుంది. మిక్సీ, టీవీ, ఫ్రిజ్, అన్నీ మా ఆయన చేతి దెబ్బలు తిని బతికినవే. సద్దుల బతుకమ్మ సాయంత్రం మా అరుగు మీద పెట్టిన రెండు సౌండ్ బాక్సులు నోరు విప్పకపోయేసరికి ఆయన లేచి ఎడమ దానికి ఒకటి, కుడి దానికి ఒకటి ఇచ్చాడు. పక్షపాతం లేని మనిషి. అయినా రెండూ పలకలేదు.

బాక్సులు పలకకపోతే నాకు పోయేదేం లేదు. పోయేదంతా మా అత్తమ్మకే. మట్టెవాడలో మా గల్లీకి కోడలై వచ్చినప్పటి నుంచి బతుకమ్మ పాట చెప్పేది ఆమే. ఎండాకాలంలో ఆమె గొంతులో గడ్డ అన్నారు. ఆపరేషన్ అయ్యాక గొంతు ఎట్లా ఉంటుందో చెప్పలేమని దవాఖానలో డాక్టరు అన్నాడు. ఆమె ఏడవలేదు, దేవుణ్ణి తిట్టలేదు. ఇంటికి రాగానే "నీ బిడ్డ ట్యాబ్ తే, నా పాటలన్ని దాంట్లకు ఎక్కియ్యి" అని నన్ను వంటింట్లో కూర్చోబెట్టింది. కరోనాలో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ట్యాబ్ అది. నా బిడ్డ దాని ముందు కెమెరా ఆపేసి నిద్రపోయిందే తప్ప చదివింది లేదు. దానికి మొదటిసారి ఒక పని దొరికింది. ఆపరేషన్ మంచిగానే అయింది. గొంతు మాత్రం గుసగుసకు దిగి అక్కడే ఆగిపోయింది.

ఈ ఏడు గల్లీ వాళ్ళు డీజే మాట్లాడారు. ఆడవాళ్ళం పోట్లాడితే చివరికి ఒక ఒప్పందం కుదిరింది. చీకటి పడేదాకా అత్తమ్మ పాటలు, ఆ తర్వాత డీజే. డీజే బండి తొందరగానే వచ్చి మూల మీద నిలబడింది. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని, బతుకమ్మల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"ఈ యేడు నా పాట లేకపోతే, వచ్చే యేడు ఎవ్వరు అడగరు బిడ్డా."

ఆ మాట వినడానికి నేను ఆమె నోటి దగ్గర చెవి పెట్టాల్సి వచ్చింది.

ఇక మగవాళ్ళు రంగంలోకి దిగారు. గమ్మత్తేమిటంటే, బాక్సులకు కలిపిన వైరు పీకేస్తే ట్యాబ్ తన చిన్న గొంతుతో పాడుతుంది, పక్కనున్న మనిషికి వినబడేంత. వైరు గుచ్చగానే అది ఊరుకుంటుంది, బాక్సులూ ఊరుకుంటాయి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే మా మరిది పండక్కి వచ్చి ఉన్నాడు. అన్నను పక్కకు జరిపి ట్యాబ్ అందుకున్నాడు.

"కొడితే వస్తదా అన్నా! గిది సెట్టింగ్స్ ప్రాబ్లం."

సెట్టింగ్స్‌లోకి దిగిన మరిది చాలాసేపు పైకి రాలేదు. మధ్యమధ్యన "ఓహో" అనేవాడు, "అదీ సంగతి" అనేవాడు, సంగతి మాత్రం మాకు చెప్పేవాడు కాదు. చివరికి అప్‌డేట్ చెయ్యాలని తేల్చి మొదలుపెట్టాడు. తెర మీద ఒక సున్నా గుండ్రంగా తిరగసాగింది. బతుకమ్మల చుట్టూ తిరగాల్సిన ఆడవాళ్ళమంతా నిలబడి దాన్ని చూశాం.

"ఆ పాటలు నీ ఫోన్లకు పంపుకొని పెట్టరాదు?" అన్నాను.

"నా ఫోన్‌కు వైరు పెట్టే బొక్కనే ఉండదు వదినా. ఇప్పుడన్ని బ్లూటూతే." ఆ మాట ఎంత గర్వంగా అన్నాడంటే, బొక్క లేకపోవడానికే అన్ని వేలు పోశాడనిపించింది. మా బాక్సులు బ్లూటూత్ పేరు వినని కాలం నాటివి.

ఈలోగా ఎదురింటి పెద్దమనిషి వచ్చాడు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. గల్లీలో ఏది చెడిపోయినా ఆయన చెప్పే కారణం ఒకటే, ఎర్తింగ్. మా ఇంటి తులసి గద్దె పక్కన మట్టిలో ఒక వైరు పాతించి, దాని మీద బిందెడు నీళ్ళు పోయించాడు. బాక్సులు "గుయ్" అన్నాయి.

"చూసిన్రా, పాణమొచ్చింది!" అన్నాడు. పాట రాలేదు. గుయ్ మాత్రం ఆగలేదు.

"మరిదీ, పిన్ను లోపలికి పోతలేదు, సగం బయటనే ఉన్నది చూడు" అన్నాను.

"అది గంతే ఉంటది వదినా."

మూల మీది డీజే బండి "చెక్, చెక్" అంది. మా కిటికీలు దడదడలాడాయి. వయసు పిల్లలు ఇద్దరు అప్పుడే అటు తిరిగి అడుగులు వేయడం మొదలుపెట్టారు. వాళ్ళను తప్పు పట్టలేం, ఎంతసేపని గుయ్‌కి ఆడతారు? అత్తమ్మ అటు చూసి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్న చేతులు చూసుకుంది. అది చూశాక నాకు ఒళ్ళు మండింది. మరిది చేతిలోంచి ట్యాబ్ గుంజుకున్నాను. "వదినా, అప్‌డేట్ ఇప్పుడే అయింది, జర ఆగు" అంటున్నా వినకుండా లైటు కిందికి తీసుకుపోయి ఆ బొక్కలోకి చూశాను.

లోపల పచ్చగా ఉంది. పచ్చ మధ్యన ఎర్రగా ఉంది. గంధం, దాని మీద కుంకుమ.

నాకు వెంటనే అర్థమైంది. మా ఆయనకు ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం. దసరా నాడు తూకం కాంటాకు పూజ చేయడంతో మొదలుపెడితే ఇక ఆయన చేతిని ఎవరూ ఆపలేరు. స్కూటరు, కుట్టుమిషన్, వాషింగ్ మిషన్, నీళ్ళ మోటారు, అన్నీ బొట్టు పెట్టించుకోవాల్సిందే. పోయిన దసరాకు ట్యాబ్ వంతు వచ్చేసరికి నా బిడ్డ "డాడీ, స్క్రీన్ ముట్టుకోకు!" అని అరిచింది. ఆయన ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పి, అంచున చక్కగా, గుండ్రంగా ఉన్న చిన్న గుంట చూసి మురిసిపోయాడు. బొట్టు కోసమే కంపెనీవాడు చేసి పంపాడనుకున్నాడేమో, భక్తిగా నిండా కూరాడు. ఆ తర్వాత ఆ గుంటలో వైరు పెట్టే అవసరం ఇప్పటిదాకా ఎవరికీ రాలేదు.

చీర పిన్నీసు తీసి గీకాను. ఎండిన గంధం పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చింది. మరిది నోరు తెరిచాడు. ఎదురింటి పెద్దమనిషి "ఎర్తింగ్ కూడా కావాలె" అని గొణిగాడు. మా ఆయనకు మాత్రం ఇసుమంత సిగ్గు లేదు. "పూజ చేసిన కాబట్టే ఇన్ని దినాలు ఖరాబు కాలే" అన్నాడు.

వైరు గుచ్చితే ఈసారి పిన్ను టక్కున లోపలికి పోయింది. బాక్సుల్లోంచి ముందు మా వంటింటి కుక్కర్ విజిల్ వచ్చింది. ఆ వెనకే అత్తమ్మ గొంతు, ఆపరేషన్‌కు ముందరి గొంతు, గల్లీ ఈ చివర నుంచి ఆ చివరికి నిండిపోయింది. మగవాళ్ళు ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. ఆడవాళ్ళంతా ఫోన్లు పైకెత్తి వీడియోలు తీయసాగారు. "అచ్చం ఎదురుంగ నిలబడి పాడినట్టే ఉన్నది!" అన్నారు ఎవరో.

మొదటి వరుస అయిపోయింది. బాక్సులు ఆగాయి.

బతుకమ్మ పాట ఒక్కరిది కాదు. ఒకరు చెప్తే మిగిలినవాళ్ళు "ఉయ్యాలో" అని అందుకోవాలి. వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నా, అత్తమ్మ ప్రతి వరుసకూ మా అందరి కోసం అంత జాగా వదిలిపెట్టి పాడింది. ఇప్పుడు ఆ జాగా వచ్చింది. అందుకోవాల్సిన నోళ్ళన్నీ నవ్వుతూ ఫోన్లలోకి చూస్తున్నాయి. గల్లీలో గుయ్ తప్ప ఇంకే చప్పుడూ లేదు.

కుర్చీలోంచి గాలి లాంటి శబ్దం ఒకటి వచ్చింది. "ఉయ్యాలో" అంటున్నది అత్తమ్మ. మెడ నరాలు తేలేలా బలమంతా పెట్టి అంటున్నది. బాక్సు రెండో వరుస ఎత్తుకుంది. ఒక్కొక్కటిగా ఫోన్లు కిందికి దిగాయి. అత్తమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచి వచ్చి, నాకూ పక్కింటామెకూ మధ్యన చోటు చేసుకుని, ఈ గల్లీకి వచ్చాక మొదటిసారి పాట అందుకునేవాళ్ళ వరుసలో నిలబడి చప్పట్లు మొదలుపెట్టింది.