గోపాల్‌పూర్‌లో అమ్మ సముద్రానికి పసుపిచ్చిన రోజు

నా భార్య సంవత్సరీకానికి నిన్న నగర్తపేటలో పసుపు కొంటుంటే, ఆ వాసనకు చిన్నప్పుడు చూసిన గోపాల్‌పూర్ గుర్తొచ్చింది. తెల్లదొరలు సముద్రపు గాలి కోసం కట్టుకున్న ఊరది. పెచ్చులూడిన బంగళాలు, ఒక లైట్‌హౌసు.

మన అమ్మలు కొత్త నీళ్లు కనిపిస్తే గంగమ్మకు పసుపు కుంకుమలు ఇవ్వనిదే కదిలేవాళ్లు కాదు, గుర్తుందా? మా అమ్మ నడుంలోతు దిగింది. పెద్ద అల ఒకటి ఆమెను కప్పేసింది. నాన్న బూట్లతోనే పరుగెత్తాడు. నీళ్ల మీద పసుపు తప్ప ఏమీ కనిపించలేదు. నేనూ అక్కా అరవడం కూడా మరిచిపోయాం. చివరికి నాన్న ఆమెను జడ పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చాడు.

"నీకేమన్నా అయ్యింటే నేనేం చేద్దునే?" అని కసిరాడు.

"ఏముండాదప్పా, ఇంకొకదాన్ని చేసుకుందువు," అంది అమ్మ దగ్గుతూనే.

మేం నవ్వాం. నాన్న నవ్వలేదు. రైలెక్కేదాకా ఆమె చేయి వదల్లేదు.