రాజుగారి నడక

గుండెకు స్టెంటు వేయించుకుని వచ్చాక సూర్యనారాయణరాజు గారు రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తున్నారు. ఆయనకు నడక కన్నా జవాబులు చెప్పడమే ఆయాసం. రొయ్యల చెరువుకైనా బుల్లెట్టు మీదే వెళ్ళే మనిషి కాలినడకన పోతుంటే ఊళ్ళో ఎవరికీ మనసొప్పదు. ప్రతి బండీ ఆగుతుంది.

"ఎక్కండి రాజుగారూ, దింపేస్తానండి."

"డాక్టరు నడవమన్నాడు బాబూ" అంటూ ఛాతీ మీద చెయ్యేసి చూపిస్తారు.

ఇవాళ ఆ చెయ్యెత్తే ఓపిక కూడా లేకపోయింది. పాలు పోసే సుధాకర్ బండి ఆపగానే మాట్లాడకుండా ఎక్కి కూర్చున్నారు. చల్లగాలికి కళ్ళు మూతలు పడ్డాయి. వంతెన దాటాక సుధాకర్ అడిగాడు.

"ఆయ్, ఎక్కడ దింపమంటారండి?"

వెళ్ళాల్సిన చోటంటూ ఉంటేగా చెప్పడానికి! రాజుగారు నిట్టూర్చారు.

"ఎక్కించుకున్న చోటే దింపెయ్యి బాబూ. మళ్ళీ మొదట్నించీ నడవాలి."