మావయ్య రేడియో, సంఘంవారి ఆమెన్

మొన్న ఆదివారం మా చర్చిలో గోడంత తెర కట్టి, ఏదో పరదేశంలో జరుగుతున్న ఆరాధనని నేరుగా చూపించారు. అక్కడివాళ్లు పాడుతుంటే ఇక్కడ ఏసీ హాల్లో కూర్చున్నవాళ్లంతా చేతులెత్తి ఊగిపోయారు. మధ్యలో బొమ్మ ఆగిపోతే ఓపిగ్గా ఎదురుచూశారు కూడా. ఎవరికీ తప్పనిపించలేదు. నాకు మాత్రం పాత మంట రగిలి, మోకాళ్ల నొప్పి వంక పెట్టి లేచి వచ్చేశాను. ఎనభై దాటాక ఇంకా ఈ కోపాలేమిటని మా కోడలు నవ్వింది గానీ, అది మా మావయ్య తాను పడకుండా నాకు వదిలేసి వెళ్లిన కోపమని ఆ పిల్లకేం తెలుసు.

అరవైల మొదట్లో బందరులో టీచర్ ట్రైనింగ్ ముగించుకుని, దివిసీమలో ఒక ఊరి మిషను బడిలో చేరాను. మా అమ్మ తమ్ముడు అదే బడిలో పంతులు. ఆయనకీ అత్తకీ పిల్లల్లేరు, నన్ను ఇంట్లోనే పెట్టుకున్నారు. మావయ్యకు ఉన్నవి రెండే పిచ్చులు, ఒకటి చర్చిలో హార్మోనియం, రెండోది ఇంట్లో బ్యాటరీ రేడియో. హార్మోనియం ముందు కూర్చుంటే తప్ప ఆయనకి ఆదివారం ఆదివారంలా ఉండేది కాదు. జ్వరంతో వణుకుతూ కూడా దుప్పటి కప్పుకుని వెళ్లి వాయించి వచ్చిన మనిషి.

కరెంటు లేని ఊళ్లో ఆ రేడియో నడవాలంటే ఇటుకంత బ్యాటరీ కావాలి. అది అయిపోయినప్పుడల్లా బందరు వెళ్లి, వచ్చే బస్సులో చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాడు. పెరట్లో రెండు వెదురుగడల మధ్య రాగితీగ లాగి, ఇంకో తీగ నేలలో పాతాడు. ఆ పాతిన చోట తడి ఆరితే రేడియో సరిగా పలకదని, రోజూ చెంబెడు నీళ్లు పొయ్యడం అత్త పని. మల్లెపాదుకి పోసినా పొయ్యకపోయినా దానికి మాత్రం పొయ్యాల్సిందే.

షార్ట్ వేవ్ విన్న మా ఈడువాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. దీపాలు పెట్టే వేళకి స్టేషన్లు లేచేవి. ముల్లు వెంట్రుకవాసి కదిలితే సిలోన్ పోయి మాస్కో, అదీ పోయి అరబ్బీ మాటలు, వాటి పక్కనే ఒక సన్నటి ఈల. పాట దగ్గరికొచ్చి, దూరమై, మళ్లీ దగ్గరికొచ్చేది. ఆ రొదలోంచి కావలసిన గొంతుని పట్టుకోవడంలో ఉన్న ఆనందం, నొక్కగానే పాడే ఈనాటి వస్తువుల్లో నాకు ఎక్కడా దొరకలేదు. మావయ్య చెవి ఆనించి వింటూ, బాగున్న వరసని మోకాలి మీద వేళ్లతో వాయించుకునేవాడు. వచ్చే ఆదివారానికి అది మా తెలుగు కీర్తనలో ఎక్కడో ఒకచోట చేరిపోయేది. అది సముద్రాలు దాటి వచ్చిందని సంఘంలో ఎవరికీ తెలిసేది కాదు.

ఒక క్రిస్మస్ ముందురోజు సాయంత్రం లండన్ నుంచి చర్చి పాటలు తగిలాయి. అన్నీ పసిగొంతులు. అత్త చేతిలో చేటతో అలాగే నిలబడిపోయింది, మావయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఇంతటిది మనం ముగ్గురమే వింటే పాపం, సంఘమంతా వినాలన్నాడు. ఆ మంచి మనసే ఆయన కొంప ముంచింది.

మరుసటి ఏడు పట్టుబట్టి సంఘపెద్దని ఒప్పించాడు. ఆ పెద్దాయన భూమీ పుట్రా ఉన్నవాడు, దాతే, కానీ తనని చూసి ఎవరైనా నవ్వితే ఓర్చుకోలేడు. గుడివాడలో ఉద్యోగం చేసే కొత్త అల్లుడు పండక్కి వచ్చాడు కాబట్టి, మా చర్చిలో లండన్ మోగుతుందని చూపించుకోవాలని ఆయనకీ ఉబలాటం కలిగింది. గంటస్తంభానికి తీగ కట్టి, బల్ల మీద రేడియో పెట్టారు. పెట్రోమాక్స్ దీపం కింద ఆడా మగా చాపల మీద ఒత్తుకుని కూర్చున్నాం.

ముందు రోజు చక్కగా తగిలిన స్టేషను ఆ వేళకి తగల్లేదు. షార్ట్ వేవ్ బుద్ధే అంత. దాని చోట ఇంకేదో దేశపు బ్యాండు, గంభీరంగా ఒక మగ గొంతూ వినిపించాయి. అది కాదని మావయ్యకి తెలుసు, ముల్లు తిప్పబోయాడు. ఈలోగా కీర్తన మొదలైందనుకుని సంఘమంతా లేచి నిలబడింది. ఆడవాళ్లు తలల మీద ముసుగు సర్దుకున్నారు. సంఘపెద్ద మావయ్య చెయ్యి పట్టుకుని, "ఉండనియ్యవయ్యా పంతులూ, తిప్పమాక" అని, పాట అయ్యేదాకా కళ్లు మూసుకుని, చివర్లో అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

అల్లుడు పకపకా నవ్వేశాడు. "ఇది కీర్తన కాదు మామగారూ, క్లబ్బుల్లో తాగి చిందులేసేప్పటి పాట" అన్నాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అల్లుణ్ణి ఏమీ అనలేని పెద్దాయన మా మావయ్య మీద పడ్డాడు. చర్చిలోకి లోకాన్ని తెచ్చాడని పెద్దలంతా కూర్చుని తీర్మానించారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోకుండా కొన్నాళ్లు దూరంగా ఉండాలి, హార్మోనియం ముట్టుకోకూడదు. తిప్పబోయిన చెయ్యి పట్టుకుని ఆపింది ఎవరో ఊరంతా చూసింది. చెప్పడానికి మాత్రం ఒక్కరికీ నోరు రాలేదు. నేను లేవబోతే మావయ్యే కళ్లతో వారించాడు.

బల్ల కొన్నాళ్లకు ఇచ్చారు. హార్మోనియం ఇవ్వలేదు. ఇంకెవరికీ వాయించడం రాదు, అలాగని ఈయన్నీ పిలవలేదు. ఎలుకలు తిత్తులు కొరికేసినా అది మూలనే పడి ఉంది. మావయ్య చివరి వరసలో చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఇంటి దగ్గర రేడియో వినేవాడు గానీ, మోకాలి మీద వేళ్లు కదిలేవి కావు. ఆ నిశ్చలమైన వేళ్లని చూడలేక నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

కొన్నేళ్లకి ఊళ్లోకి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ఒక క్రిస్మస్ ముందు సంఘపెద్ద, అల్లుడు కొనిచ్చిన కొత్త ట్రాన్సిస్టరు చంకన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. "ఆ లండన్ పాటలు ఎక్కడ తగులుతాయో కాస్త పెట్టిపెట్టవయ్యా" అన్నాడు. మావయ్య అందుకుని, ముల్లు నెమ్మదిగా జరిపి, ఆ పసిగొంతుల్ని పట్టి ఇచ్చాడు. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు, స్తోత్రం అన్నాడు, వందనాలు చెప్పి ట్రాన్సిస్టరు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

"హార్మోనియం మాట ఎత్తుతాడేమోనని చూశానే అమ్మా" అంది అత్త, తలుపు పట్టుకుని. మావయ్య ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆయన పోయినప్పుడు హార్మోనియం లేకుండానే పాడి సాగనంపారు. ఆ స్టేషన్లు ఒకటొకటే మూగబోయాయి. ఇప్పుడు ఏ దేశపు పాటైనా అరచేతిలోకి వస్తోంది, దాన్ని చర్చిలోకి తెచ్చినవాళ్లకి శాలువాలు కప్పుతున్నారు. కాలం మంచికే మారింది, కాదనను. మా మావయ్యకు అక్కరకు రాలేదంతే.

అడిగితే ఆయన క్షమించేవాడు, ఎవరూ అడగలేదు. ప్రతి ఆదివారం ప్రభువు ప్రార్థన అందరితో పాటు నేనూ చెప్తాను. మాకు తప్పు చేసినవాళ్లని మేము క్షమించామనే మాట వచ్చేసరికి నోరు మూసుకుంటాను. పక్కవాళ్లకి తెలియదు. దేవుడికి తెలుసు, తెలియనీ.