పడవ ముందు చెప్పులు

పోర్ట్‌బ్లెయిర్‌లో ఒకప్పుడు చేపల బుట్టలు దిగిన పాత జెట్టీని ఇప్పుడు షాపులతో, రంగు దీపాలతో ముస్తాబు చేశారు. మొన్న ఆదివారం మేముండే ఆస్టినాబాద్ నుంచి అమ్మను బస్సులో తీసుకెళ్లాను. అక్కడ ఒక పాత పడవకి నీలం రంగు పూసి, ఫొటోలు దిగడానికని సిమెంటు దిమ్మె మీద పెట్టారు. దాని ముందు పెద్ద క్యూ. మా వంతు రాగానే అమ్మ చెప్పులు విప్పేసింది. చేపలు పట్టే ఇంట పుట్టిన మనిషి, చెప్పులతో ఏనాడూ పడవెక్కలేదు.

"చెప్పులు ఉండనీ దీదీ, ఇది ఉత్తి షో పీస్," అన్నాడు ఫొటోలు తీసే అతను.

"ఏటి, పడవ కాదేటి?" అంది అమ్మ.

వెనక జనం గొణుగుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ మాత్రం పడవ అంచుకి దణ్ణం పెట్టి, ఎక్కి, మహారాణిలా కూర్చుంది.

ఐస్‌క్రీం తిని తిరిగొచ్చేసరికి పడవ ముందు గుడి దగ్గరలా చెప్పుల వరస! అమ్మని చూసి వెనకామె, ఆమెని చూసి ఇంకొకరు విప్పినట్టున్నారు. బూట్లతో ఎక్కబోతున్న ఒక టూరిస్టు మీద ఆ ఫొటోల మనిషే అరుస్తున్నాడు:

"జూతే ఉతారో భయ్యా! బోట్ హై, బోట్!"