పక్క క్యాంపు సలహాదారు

2004 జూన్. మధ్యాహ్నం రెండు గంటలకు దుబాయ్ వైపు మఫ్రఖ్‌లో దిగాను. నలభై ఎనిమిది డిగ్రీల ఎండ. మిలిటరీలో పదిహేడేళ్లు చేసి, హవల్దారుగా దిగిపోయి, కడప నుంచి లేబర్ క్యాంపు కాపలాకు వచ్చాను. రెండు ఖాకీ చొక్కాలు, ఒక లాఠీ, ఒక వాకీటాకీ ఇచ్చారు.

మా క్యాంపులో నిజామాబాద్ వైపు కూలీలు. గోడ అవతల పెషావర్ పఠాన్లు. రెండు క్యాంపులకూ నీళ్ల ట్యాంకు ఒక్కటే. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా అక్కడ కొట్లాట మొదలయ్యేది.

మూడో నెలలో ముదీర్ పిలిపించాడు. ముదీరంటే మేనేజరు. మావాడు ఇంగ్లండు దొర.

"నువ్వు సోల్జర్‌వి. ఉర్దూ మీ ఇంటి భాష. ఇకనుంచి పక్క క్యాంపు విషయాల్లో నాకు సలహాదారువి. రోజూ రిపోర్టు రాయి."

నిజం చెప్పాలంటే పొంగిపోయాను. కూలీలు మాత్రం "సలాం, విదేశాంగ మంత్రి సాబ్!" అని ఆటపట్టించేవారు.

అవతలి పెద్ద కూడా మాజీ సైనికుడే, సుబేదార్. ఒకప్పుడు ఒకే సరిహద్దుకు అటూ ఇటూ కాపలా కాసినవాళ్లం. చాయ్ తాగుతూ నీళ్ల గంటలు పంచుకున్నాం. ముందు గంట వాళ్లది, తర్వాతి గంట మాది. ఐదు నెలలు గొడవ లేదు.

ఒక శుక్రవారం మాటా మాటా పెరిగి, మా రాజన్న రాయి విసిరాడు. ఒక పఠాన్ కనుబొమ చిట్లింది. పరుగెత్తుకెళ్లి రాజన్నచేత క్షమాపణ చెప్పించాను. దెబ్బ తిన్నవాడే అతన్ని కౌగిలించుకున్నాడు.

"మాఫ్ కర్ దియా. ఖలాస్," అన్నాడు సుబేదార్.

అక్కడితో వదిలేయాల్సింది. అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా. సాయంత్రం ఐదూ నలభై, రాయి విసిరింది రాజన్న, రాజీ కుదిరింది అని రిపోర్టులో అంతా రాశాను. మర్నాడే రాజన్న వీసా రద్దయింది. మళ్లీ దుబాయ్ గడప తొక్కే వీల్లేదన్నారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ముదీర్ దగ్గరికి పోయాను.

"రాజీ కుదిర్చాను, సార్."

"నువ్వు చెప్పాల్సింది చెప్పావు. నిర్ణయం నాది."

పాలించేవాడికి కావలసింది నా సలహా కాదు, నా కళ్లు. ఆ సంగతి అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

రాజన్న సంచి సర్దుకుంటూ ఒక్కటే అడిగాడు. "దెబ్బ తిన్నోడే మాఫ్ చేసిండు గద సాబ్. నువ్వెందుకు రాసినవ్?"



2007లో ఇంటికొచ్చేశాను. చాలా మరిచిపోయాను. ఒక్కటి మాత్రం పోదు. రాజన్నను ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయే వ్యాను గేటు దాటబోతోంది. తలకు కట్టుతో ఆ పఠాన్ దాని ముందు చేతులు చాచి నిలబడ్డాడు. "నేను మాఫ్ చేశాను! ఇతన్ని పంపొద్దు!" అని ఉర్దూలో అరుస్తున్నాడు. వాకీటాకీలో ముదీర్ గొంతు వినిపించింది: "గేటు ఖాళీ చేయించు."

అతని భుజం పట్టుకుని పక్కకు లాగింది నేనే.