బతికున్నోళ్ళకు ఊదుబత్తి పెట్టరు

కెనడాలోని విన్నిపెగ్‌లో నా మొదటి ఏడాది సగం నిద్రలోనే గడిచినట్టు అనిపిస్తుంది. పొద్దున కాలేజీ, సాయంత్రం గ్రోసరీ స్టోర్‌లో షిఫ్ట్, మధ్యలో బస్సు. అద్దానికి తల ఆనించి నిద్రపోయి ఎన్నిసార్లు నా స్టాప్ దాటిపోయానో ఆ దేవుడికే తెలియాలి. నేనూ నా రూమ్మేటూ అద్దెకుండే బేస్‌మెంట్ కిటికీ సరిగ్గా నేలకు సమానంగా ఉండేది. మంచు సగం దాకా పేరుకుంటే గదిలోకి నీలంగా, చెరువు అడుగున ఉన్నట్టు వెలుతురు దిగేది. ఆదివారం పొద్దున కళ్ళు తెరవకుండా పడుకుంటే హీటింగ్ వెంట్‌లోంచి అనాసపువ్వు, దాల్చినచెక్క వాసన వచ్చేది. ఎవరింటికో దావత్‌కు పోయి పక్కగదిలో నిద్రపోయాను, ఇంకాసేపట్లో బిర్యానీ తినమని లేపుతారు అనుకునేదాన్ని. లేచి పైకి పోతే బిర్యానీ లేదు, గిర్యానీ లేదు. పెద్ద గిన్నెలో ఎముకల రసం కాగుతుంటే ఓనర్ ఆంటీ గరిటెతో నురగ తీస్తూ ఉండేది.

ఆంటీది వియత్నాం. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని. నన్నూ, గుంటూరు నుంచి వచ్చిన నా రూమ్మేట్‌నూ ‘కొన్’ అని పిలిచేది, అంటే బిడ్డా అని. ఆమె ఇంగ్లిష్ అంతంతమాత్రం, మాదీ అంతే, కాబట్టి బాగానే కుదిరింది.

ముందు గదిలో ఎత్తుగా ఒక చెక్క అరమర, దాని మీద వాళ్ళ పెద్దల ఫొటోలు: ఆంటీ అమ్మానాన్నలు, అత్తమామలు. ముందర బూడిద నింపిన గిన్నెలో ఊదుబత్తీలు, కమలాపండ్లు, చిన్న కప్పుల్లో నీళ్ళు. మన పెద్దలు ఏడాదికోసారి వచ్చి తిని పోతారు. వీళ్ళ పెద్దలకు మకామే ఇంట్లో. పండు కొనుక్కొస్తే ముందు వాళ్ళకు చూపించాకే మా చేతికొచ్చేది.

ఒక్క ఫొటో మాత్రం అక్కడ లేదు. కిచెన్‌లో సింకు పైన కిటికీ గట్టు మీద, గిన్నెల సబ్బు పక్కన ఉండేది. తెల్ల చొక్కా వేసుకున్న కుర్రాడు, జోకు వేయబోతూ ఆగినట్టు మొహం. రసం ఆవిరికి అద్దం మసకబారితే ఆంటీ బొటనవేలితో తుడిచేది.

నా రూమ్మేట్‌కు భక్తి ఎక్కువ. ఒక శుక్రవారం తలస్నానం చేసి, కింద దేవుడి బొమ్మకు పూజ చేసుకుని, మిగిలిన అగరొత్తి ఒకటి తెచ్చి సింకు దగ్గర ఆ ఫొటో ముందు వెలిగించి దణ్ణం పెట్టింది. మనకు నలుపుతెలుపు ఫొటో కనిపిస్తే చాలు కదా, పోయినవాళ్ళే అని లెక్క. అప్పుడే లోపలికొచ్చిన ఆంటీ ఆ అగరొత్తిని లాగి, కుళాయి కింద పెట్టి, పిడికిట్లో నలిపేసింది. వాళ్ళ భాషలో ఏమేమో అరిచింది. ఆ పిల్ల ఏడుపందుకుంది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. దణ్ణం పెడితే తిట్టే మనిషిని ఎక్కడా చూడలేదని తెలుగులోనే గట్టిగా అనేసి, ఆ పిల్లను కిందికి తీసుకుపోయి వేరే రూమ్ వెతకడం మొదలుపెట్టాను.

సాయంత్రం ఆంటీ రెండు గిన్నెల్లో సూపు పట్టుకుని వచ్చి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుంది. తిట్టినందుకు ఏమనుకోవద్దంది. తర్వాత నెమ్మదిగా, గోడకు చెబుతున్నట్టు చెప్పింది. యుద్ధం అయిపోయాక వాళ్ళ దేశం నుంచి జనం దొంగచాటుగా పడవల్లో వెళ్ళిపోతుండేవాళ్ళట. ఎవరికీ అనుమానం రాకుండా చిన్న పడవల్లో విడివిడిగా బయల్దేరి, ఏటి మొగ దగ్గర పెద్ద పడవ ఎక్కాలి. పసిపాప ఏడవకుండా నిద్రమందు పట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆంటీ ఒక పడవలో కూర్చుంది. ఆ ఫొటోలోని కుర్రాడు, అంటే ఆమె భర్త, వెనక పడవలో. ఈ పడవ చేరింది. ఆ పడవ కోసం కాసేపు చూసి పెద్ద పడవవాడు ఇంజిన్ స్టార్ట్ చేశాడు. మలేషియా క్యాంపులో కొత్తగా వచ్చిన ప్రతి పడవ దగ్గరికీ పోయి అడిగింది. చివరికి ఎవరో చర్చివాళ్ళు స్పాన్సర్ చేస్తే పాపతో ఈ చలిలోకి వచ్చి పడింది. ఆయన్ని చూశామన్నవాళ్ళు లేరు. పోయాడన్నవాళ్ళూ లేరు.

“బతికున్నోళ్ళకు ఊదుబత్తి పెట్టరు, బిడ్డా. పెడితే నువ్వు చచ్చిపో అని చెప్పినట్టే,” అంది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. రూమ్ వెతకడం ఆ రోజుతో మానేశాం.

ఎండాకాలంలో ఆమె కూతురు టొరంటో పక్కనున్న రిచ్‌మండ్ హిల్ నుంచి ఫోన్ చేసింది. అదే ఆనాటి పసిపాప. నలభై దాటాక పెళ్ళి కుదిరింది. వాళ్ళ పద్ధతిలో పెళ్ళినాడు జంట ఇంట్లో పెద్దల ఫొటోలకు మొక్కాలి. నాన్న ఫొటో కూడా అక్కడ పెట్టు, నేను మొక్కాలి అంది కూతురు. కుదరదంది తల్లి. ఈమె వియత్నమీస్‌లో అరుస్తుంటే ఆమె ఇంగ్లిష్‌లో జవాబు చెబుతోంది, స్పీకర్‌లో అంతా వినబడుతోంది. ఎన్నడూ చూడని తాతలకు మొక్కుతాను, కన్న తండ్రికి మొక్కొద్దా, ఇన్నేళ్ళుగా ఆయన ఆత్మ ఎక్కడో ఆకలితో తిరుగుతుంటే నీకు పట్టదా అంది. పెట్టకపోతే ఆ ఇంట్లో పెళ్ళే చేసుకోను, టొరంటోలో హాల్ తీసుకుంటానని ఫోన్ పెట్టేసింది. ఆంటీ కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ నిలబడింది. ఫొటో అక్కడ పెట్టి ఆయన్ని తన చేత్తో చంపాలి, లేదంటే కూతుర్ని వదులుకోవాలి. పగవాళ్ళకు కూడా వద్దు అలాంటి కష్టం.

వాళ్ళ ఏడో నెల పున్నమికి ఆంటీ పెరట్లో ముక్కాలిపీట వేసి పల్చటి గంజి, ఉప్పు, బియ్యం, చిలగడదుంపలు పెట్టింది. దిక్కులేక తిరిగే ఆత్మలకట. గడ్డి మీద ఎండ పసుపుపచ్చగా పరుచుకుని ఉంది. గంజి మీంచి ఆవిరి లేస్తోంది. నాకు మళ్ళీ ఆ కిటికీ పక్క నిద్ర లాంటి మత్తు కమ్మింది. అందులో ఆయనకు కూడా ఉందా ఆంటీ అని అడిగేశాను. ఆయన్ని పిలవదట. ఆకలేస్తే తనే వస్తాడట.

అప్పుడు మా నానమ్మ గురించి చెప్పాను. మా దగ్గర పెత్తరమాస అని ఒక అమావాస్య ఉంది, ఏ రోజు పోయారో తెలియనివాళ్ళకు కూడా ఆ రోజు బియ్యమిస్తారు. నానమ్మ అందరి పేర్లూ చెప్పి, చివర ఒక పిడికెడు తమ్ముడి పేరు మీద పోసేది. మిల్లు పనికని బొంబాయి పోయి మళ్ళీ రాని తమ్ముడు. అక్కడ ఇంకో సంసారం పెట్టి హాయిగా ఉంటాడే ముసలీ, ఉత్తపుణ్యానికి చంపుతున్నావు అని మేము ఆటపట్టిస్తే, ఆమె బియ్యం చెయ్యి దులుపుకుంటూ ఒకటే మాట అనేది.

“ఉంటే ఆయుష్షు, పోతే అన్నం. నాదేం పోయింది?”

ఆ రోజు ఎప్పుడొస్తుందని అడిగింది ఆంటీ. ఫోన్‌లో చూసి, పెళ్ళయిన కొన్నాళ్ళకని చెప్పాను. లోపలికి వెళ్ళి కూతురికి ఫోన్ చేసి, ఇంటికే రా, నాన్న ఉంటాడు అంది.

పెళ్ళి రోజు పొద్దున కూతురు మోకాళ్ళ కిందికి దిగే ఎర్రటి పొడుగు అంగీలో, నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా ముందు గదిలోకొచ్చింది. అరమర మీద ఆ నాలుగు ఫొటోలే. ఆమె మొహం పాలిపోయింది. తల్లి వైపు చూడకుండా పెళ్ళికొడుకుతో కలిసి మొక్కింది. తర్వాత బతికున్న తల్లిదండ్రులకు టీ ఇవ్వాలి. గదిలో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో ఆంటీ కూర్చుంది. రెండోదాంట్లో దిండుకు ఆనించి ఆ తెల్ల చొక్కా కుర్రాడు. తండ్రి ఇప్పుడు కూతురి కంటే చిన్నవాడు. కూతురు టీ పోసి, రెండు చేతులతో ఆ కుర్చీ ముందుకు చాచి, “బా” అంది. నాన్నా అని. ఆ పిలుపు ఆమె ఎవరినీ పిలిచి ఉండదు.

“వేడిగా తాగడు మీ నాన్న. పక్కన పెట్టు, చల్లారనీ,” అంది ఆంటీ.

అందరూ నవ్వారు, ఆ నవ్వులోనే ఏడ్చారు. నాకేం సంబంధమని, నేనూ వెక్కి వెక్కి ఏడ్చాను.

పెత్తరమాస నాడు క్లాసు నుంచి వచ్చేసరికి ఆంటీ పైనుంచి పిలిచింది. కూతురు అప్పటికే అత్తవారింట్లో ఉంది. ముందు గదిలో వేడన్నం, చక్కెర పాకంలో వండిన చేప. ఆయన ఫొటో అమ్మానాన్నల పక్కకు చేరింది. ఆంటీ అగ్గిపుల్ల గీసి ఊదుబత్తీలు వెలిగించింది. రెండు చేతుల మధ్య పట్టుకుని నుదుటికి ఆనించుకుని చాలాసేపు మాట్లాడింది. పొగలో ఆమె పెదవులు కదలడం చూస్తూ నిలబడ్డాను. అయిపోయాక ఏమన్నావు ఆంటీ అని అడిగాను.

“కూతురి పెళ్ళి చూశావు, టీ తాగావు. నేను అలిసిపోయాను, ఇంక ఎదురుచూడలేను. వచ్చి అన్నం తిను, అన్నాను.”